మేనత్తను ఇంటి దగ్గర ఉంచిన రోజు

మోకాలి ఆపరేషన్ అయ్యాక మా ఆమెను డాక్టర్ రోజూ నడవమన్నాడు. ఊరికే నడవడం ఆమెకు చేతకాదు, ఏదో ఒక పని ఉండాలి. తాండూరులో ఉండే ఆమె చెల్లెలు ఫోన్‌లో ఒక ఆట పెట్టించింది. వీధుల్లో తిరుగుతుంటే తెర మీద వింత జంతువులు కనిపిస్తాయి. వాటిని పట్టుకోవాలి, పెంచుకోవాలి. అప్పటినుంచి వికారాబాద్‌లో మేం తిరగని గల్లీ లేదు. తోడు నడిచేవాణ్ని ఖాళీ చేతులతో ఎందుకని నేనూ మొదలుపెట్టాను.

పట్టిన ప్రతి జంతువుకూ ఆమె ఒక చుట్టరికం కలిపేది. ఎప్పుడూ గునిసేది చిన్నాడబిడ్డ. ఈ సంగతి మా చెల్లెలికి ఇంకా తెలియదు. రైలు ధారూర్‌లో ఆగినప్పుడు కిటికీ పక్కన దొరికిన నిప్పులు కక్కేది మేనత్త. అన్నిటికన్నా బలమైనది అదే. తినిపించేదంతా దానికే.

ఆటలో అప్పుడప్పుడు ఒక బాస్ వస్తుంది. అది మామూలుగా దొరకదు. ఒక్కొక్కరు ఆరు జంతువులను తెచ్చుకుని, అందరూ కలిసి గడువులోగా ఓడిస్తేనే పట్టుకునే అవకాశం. ఆ వారం వచ్చింది రాతి బాస్. మరదలు ముందే పట్టేసి, రోజూ పొద్దున్నే ఫోన్ చేసి, "నా రాయి లేసింది. నీ రాయి ఏదక్కా?" అని అడిగేది. వికారాబాద్‌లో మేమిద్దరమే ఆడి ఓడిపోయాం. బాస్ వెళ్లిపోయే చివరి రోజున మా ఆమె చీర మార్చుకుని వచ్చి, "తాండూర్ పోదాం పా, చెల్లె కలిస్తె ముగ్గురమైతం" అంది.

తాండూరులో ఆ బాస్ మార్కెట్ వెనక వీధిలో ఒక పాత కమాను మీద కూర్చుంది, ఫోన్లోనే. కింద నాపరాయి అరుగు మీద మేం ముగ్గురం కూర్చున్నాం.

"అక్కా, రాయికి నీళ్లవి, చెట్లవి తియ్యాలె. నిప్పుది పనికిరాదు," అంది మరదలు.

"మేనత్తను ఇడిసిపెడ్తమానే? పెద్ద మనిషి. పేరంటమైతే మొదలు ఆమెకే బొట్టు పెట్టి పిలుస్తం."

"ఇది పేరంటమా? కొట్లాట!"

నేను పత్రికలో పనిచేసిన రోజుల్లో ఏ వార్తకు ఎవరు తగునో చూసి పంపేవాళ్లం. సీనియర్ అని అన్నిటికీ ఒక్కరినే పంపితే మర్నాడు పేపరు చూడలేం. అదే చెప్పాను.

"మీ ఆఫీసుల చుట్టాలు లేరు," అంది మా ఆమె.

మేనత్తే ముందు నిలబడింది. కక్కిన నిప్పులు రాయి మీద పడి ఆరిపోయాయి. రాయి తిరిగి కొట్టిన దెబ్బకు మేనత్త పడిపోయింది. వెనకే చిన్నాడబిడ్డ. గడువు ముగిసేసరికి బాస్‌కు సగానికి పైగా ప్రాణం మిగిలే ఉంది.

"అయ్యో, మేనత్త పడిపాయె!" అని మా ఆమె గట్టిగా అనేసరికి, దారిన పోతున్న ఒకావిడ మూట దించి, "ఏనాయ్తు అక్కా?" అంది కంగారుగా. ఏమైందని కన్నడలో అడుగుతోంది.

"ఏనిల్లమ్మా, ఏం కాలే. ఫోన్ల ఉన్న అత్త," అంది మరదలు. ఆవిడ మా ముగ్గురినీ ఒకసారి పరీక్షగా చూసి, మూట ఎత్తుకుని వెళ్లిపోయింది.

బాస్ ఉండేది ఇంకో పావుగంట. మరదలు ఫోన్ ఒళ్లో పెట్టుకుంది.

"అక్కా, మన పెద్దనాయన అలిగితే ఎట్లుండె?"

"రాయే. ఉలుకు లేదు, పలుకు లేదు."

"పెద్దోళ్లు పోయి లొల్లి పెడితే లేసెటోడా?"

"యాడ లేసెటోడు! ఇంకింత బిగుసుకునెటోడు."

"మరి ఎవరికి కరిగెటోడు?"

మా ఆమె నవ్వింది. "నీకే గదనే. ఇంతున్నవు అప్పుడు. చెంబుల నీళ్లు పట్టుకపోయి పక్కన కూసుందువు."

"ఇగ సమజైందా?"

మా ఆమె తెర మీద వేలు జరపసాగింది. వానలో అనంతగిరి దారిన దొరికిన చిన్న నీటి జంతువు, మేనకోడలు, ముందుకు వచ్చింది. దాని వెనక ఆకులవి, తీగలవి. మేనత్త దగ్గర వేలు ఆగింది.

"అత్తా, అందరం పోతే ఇల్లు ఒట్టిగుంటది. నువ్వు ఇంటికాడ ఉండు. తాళంచెవి నీ తాన్నే," అంది.

మా వైపు ఇంటిల్లిపాదీ పెండ్లికి కదిలితే ఇల్లు చూడడానికి బాగా నమ్మకమైన మనిషినే ఉంచుతారు. అది తక్కువ చేయడం కాదు.

ఈసారి మేనకోడలు నీళ్లు చిమ్మిన ప్రతిసారీ రాయి కుంగింది. మా జంతువుల్లో చాలా పడ్డాయి, నావైతే అన్నీ పడ్డాయి. గడువు ముగియబోతుండగా బాస్ కూలింది. ఇక ఆట ఇచ్చే కాసిని బంతులు విసిరి దాన్ని పట్టుకోవాలి. ఆమె వేసిన బంతుల్లోంచి అది మాటిమాటికీ తప్పించుకుంది. చివరి బంతి మిగిలినప్పుడు ఫోన్ కోసం నేను చెయ్యి చాపాను. ఇవ్వలేదు. చెల్లెలికీ ఇవ్వలేదు. కొంగుతో వేలు తుడుచుకుని విసిరింది. బంతి ఊగింది, మళ్లీ ఊగింది, ఆగింది. ముందుగా అరిచింది మరదలే.

తిరుగు రైల్లో, "దీనికి ఏం పేరు?" అని అడిగాను.

"పెద్దనాయన. ఇంకేముంటది?"

ధారూర్‌లో రైలు ఆగింది. ఆమె ఫోన్ తీసి, మందు వేసి, మేనత్తను లేపింది.

"వచ్చినమత్తా," అంది. "ఇగ తాళంచెవి ఇయ్యి. ఇంటికి ఇంకో పెద్ద మనిషిని తెచ్చినం, జర సదురుకోండ్రి."