గంజి పెట్టే పూట

నాకు అక్షరాలు వచ్చింది అరవై దాటాక. మగ్గం పక్కన కండెలు చుట్టే పిల్లకు పలక ఎవరూ కొనలేదు, అందుకే ఇది ఇన్నాళ్లూ రాయలేదు. మొన్న విజయవాడలో మా అమ్మాయి ఇంట్లో నూలు చీరకు గంజి పెడుతుంటే, ఆ పుల్లటి వాసనకు మంగళగిరిలో మా వీధి గుర్తొచ్చింది.

వేసవి పొద్దుల్లో నిలువు పోగుల పడుగును వీధి పొడవునా చాచి, ఎండ ముదరకముందే కుంచెలతో గంజి పట్టించి, తెగిన పోగులు అతికి ఆరబెట్టేవాళ్లం. మధ్యలో ఒక్కరు అలిగి వెళ్లినా పడుగంతా అట్టకట్టేది. అందుకే నాయనమ్మ ముందురోజే అందరికీ చెప్పేది.

"రేపు నా పిల్లలిద్దర్నీ ఎవరూ ఒక్క మాట అనమాకండి."

ఆ ఇద్దరూ మా నాన్న, ఆయన చెల్లెలు. ఆ పూట ఇద్దరికీ చద్దన్నం, ఆవకాయ తనే కలిపి పెట్టేది. మిగతా రోజుల్లో, నేత బాగాలేదని షావుకారు ముఖం చిట్లిస్తే చాలు, నాన్న కల్లుపాకకు పోయి వారం దాకా మగ్గం గుంటలో దిగేవాడు కాదు. కూర చప్పగా ఉందంటే అత్త గోడవైపు తిరిగి పడుకుని, తల కూడా దువ్వుకునేది కాదు. ఆయనది చెడు స్నేహమన్నారు, ఆమెకు గాలి సోకిందని తాయెత్తు కట్టారు. కుళాయి దగ్గర ఆడవాళ్లు నన్ను ఆపి నవ్వేవాళ్లు.

"ఏమే, మీ నాన్న పాకకెళ్లాడా, మీ అత్త మంచమెక్కిందా?"

నాన్న తాగి తాగి కాలేయం చెడి చనిపోయాడు. అత్త తిండి మానేసి పోయింది. సంబంధాలకు అడ్డమని ఇంట్లో తర్వాత ఎవరూ వాళ్ల ఊసెత్తలేదు. మా అమ్మాయికీ తెలియదు.

నా మనవరాలు కాలేజీ మానేసి గోడవైపు తిరిగి పడుకుంటోంది. గంజి పెట్టిన రోజు సాయంత్రమే డాక్టరమ్మకు చూపించాం. ఇంట్లో ఇలా ఎవరైనా ఉండేవారా, తాగుడు ఎవరికైనా ఉందా అని ఆమె అడిగింది. మా అమ్మాయికి కోపమొచ్చింది.

"ఆడపిల్లకి తాగుడు గొడవెందుకండీ? మా ఇంట్లో అలాంటివాళ్లు లేరండి."

ఈ దిగులూ ఆ తాగుడూ ఒకే కుటుంబంలో రావచ్చని, కొంత రక్తంలో, కొంత ఊరికే నొచ్చుకునే స్వభావంలో ఉంటుందని, అందరికీ వచ్చి తీరుతుందని కాదని, తెలిస్తే వైద్యానికి మేలని డాక్టరమ్మ చెప్పింది. నాయనమ్మ ఆ ఇద్దర్నీ ఒకేలా ఎందుకు కాచుకునేదో నాకు అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు ఆ వీధిలో పడుగులు లేవు, ఆటోలు ఆపుకుంటున్నారు.

మర్నాడు పొద్దున్నే ఆ గంజి చీర కట్టుకుని, మనవరాలిని వెంటబెట్టుకుని మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి, నాన్న, అత్త ఇద్దరి సంగతీ చెప్పాను. పిల్ల పక్కనే కూర్చుని విన్నది. తిరిగొస్తుంటే ఆటోలో అడిగింది.

"మీ అత్త పేరేంటి అమ్మమ్మా?"

"నాంచారమ్మ" అన్నాను.