ఒకటిన్నర వేగంలో చూసిన సినిమా

షికాగో పక్కనున్న నేపర్‌విల్‌లో, మా ఇంటికి దగ్గరున్న లైబ్రరీలో ఒక సినిమా క్లబ్బు ఉంది, నెలకొక శనివారం సినిమా వేస్తారు. అయ్యాక సభ్యుల్లో ఒకరు దాని గురించి పది నిమిషాలు మాట్లాడాలి. రెండేళ్లు వెనక వరుసలో కూర్చుని విన్న నేను, ఈ వసంతంలో ఆ పది నిమిషాలూ నాకివ్వమని అడిగాను. క్లబ్బు నడిపేది హైస్కూల్లో నాటకాలు నేర్పి రిటైరైన పెద్దావిడ. వెంటనే సరేనంది.

నేను చదివింది ఇంజినీరింగ్. సినిమా ఎలా చూడాలో, పుస్తకం ఎలా చదవాలో నాకెవరూ చెప్పలేదు. తెలిసిన కాస్తా లైబ్రరీ కార్డు పెట్టిన భిక్ష, షికాగో రైల్లో పోతూ వస్తూ చదువుకున్నది. ఆ సంగతి చెప్పుకోవడం నాకిష్టం. అందుకే ఆ పది నిమిషాల మీద అంత ఆశ, అంత భయం. అక్కడ తడబడితే, చదివిందంతా పైపై చదువేనని నాకు నేనే ఒప్పుకోవాల్సి వస్తుంది.

ఆ నెల వేసేది బ్రిటిష్ సినిమా. నాటకాల్లో పండిపోయిన, డెబ్బై దాటిన నటుడు ఒకరు. అదే మొదటి సినిమా అయిన ఇరవయ్యేళ్ల అమ్మాయి ఒకరు. కూతురితో మాటలు మానేసిన ముసలాయన ఇంటికి, ఎన్నడూ చూడని మనవరాలు వస్తుంది. అంతే కథ. నేను నటన మీద ఐదు పుస్తకాలు తెచ్చుకుని పద్నాలుగు పేజీల నోట్స్ రాశాను. డీవీడీ కూడా తెచ్చి లాప్‌టాప్‌లో మూడుసార్లు చూశాను.

మూడుసార్లూ మామూలుకు ఒకటిన్నర రెట్ల వేగంలో చూశాను. ఆఫీసు ట్రైనింగ్ వీడియోలు, యూట్యూబ్ పాఠాలు మా టీమ్‌లో అందరం అలాగే చూస్తాం. సబ్‌టైటిల్స్ ఉంటే ఒక్క ముక్క కూడా పోదు. సబ్‌టైటిల్ లేనిచోట తల దించి నోట్స్ రాసుకునేవాణ్ణి.

చివరికి నేను తేల్చింది ఇది: పెద్దాయన మాట మీద మాట వేసి కొత్తపిల్లకు ఊపిరాడనివ్వడు. ఆమె అందుకోలేక కంగారు పడుతుంది. ఇది రెండు తరాల మధ్య పోటీ, గెలుపు అనుభవానిదే.

ఆ శనివారం మా అమ్మాయి కూడా వచ్చింది. సినిమా మీద ప్రేమతో కాదు. పిల్లకి కారు నేర్చుకునే లెర్నర్స్ పర్మిట్ వచ్చింది, లైసెన్సుకు పక్కన పెద్దవాళ్లుండగా నడిపిన గంటలు కావాలి.

సినిమా మొదలైన పావుగంటకే నాకు అనుమానం వచ్చింది. వీళ్లింత నెమ్మదిగా మాట్లాడుతున్నారేమిటి? తర్వాత వంటింటి సీను వచ్చింది. తన తల్లి చనిపోయిందని మనవరాలు చెబుతుంది. ముసలాయన "అలాగా" అని, అటు తిరిగి కెటిల్‌లో నీళ్లు పట్టుకుంటాడు. 'నిర్లక్ష్యంగా టీ పెట్టడానికి పోతాడు' అని నా నోట్స్‌లో ఉంది. పెద్ద తెర మీద కెటిల్ నిండింది, పొర్లింది, ఆయన కదల్లేదు. మనకు కనిపించేది ఆయన వీపు, ఆ అమ్మాయి ముఖం. కుళాయి కట్టేయడానికి ఆమె చెయ్యి ముందుకు వచ్చి, ఆగి, వెనక్కి పోయింది. నేను రాసిన పోటీ ఎక్కడా లేదు.

సినిమా అయ్యాక కాఫీకి విరామం ఇచ్చారు. మా అమ్మాయిని వరండాలోకి తీసుకెళ్లి సంగతి చెప్పాను.

"వన్ పాయింట్ ఫైవ్‌లో చూశావా? మూవీని?"

"మూడుసార్లు."

"నాన్నా, అది మీ ఆఫీసు కంప్లయెన్స్ ట్రైనింగ్ కాదు." పడీపడీ నవ్వింది. నా ముఖం చూసి ఆపేసింది. "ఓకే, ఇప్పుడేంటి?"

"ఒంట్లో బాగాలేదని చెప్పి వెళ్లిపోదామా?"

"నేను డ్రైవ్ చేయను అప్పుడు. నువ్వు నాకు చెప్పావు కదా, అదే వాళ్లకి చెప్పు."

"అందరి ముందా? పరువు పోతుందే."

"ఆ నోట్స్ చదివితే పోదా?"

నోట్‌బుక్కు దాని చేతికిచ్చి లోపలికి వెళ్లాను. "ఈ సినిమాను మూడుసార్లు తప్పుగా చూశాను. సరిగ్గా చూడటం ఇవాళే, మీతోపాటే" అని మొదలుపెట్టాను. ఎందుకో చెప్పగానే నవ్వులు. అవి నా మీద కాదని తెలియడానికి ఒక క్షణం పట్టింది. తర్వాత కుళాయి గురించి చెప్పాను. మా తెలుగు సినిమాల్లో పెద్ద హీరో కెమెరాకు వీపు చూపిస్తే అభిమానులు ఒప్పుకోరని, ఇక్కడ ఈయన వీపు తిప్పి సీను మొత్తం కొత్త అమ్మాయికి ఇచ్చేశాడని, ఆమె కూడా దాన్ని లాక్కోకుండా చెయ్యి ఆపుకుందని అన్నాను. నటనలో సగం వినడమేనని ఆ ఐదు పుస్తకాల్లో ఒకటి చెప్పింది. నేనే నా చేత్తో ఎత్తి రాసుకున్నాను. అదేమిటో ఇవాళే చూశానని చెప్పి ముగించాను.

క్లబ్బు పెద్దావిడ లేచి, "నేను ముందే రెండుసార్లు చూశాను, మామూలు వేగంలోనే. రెండుసార్లూ ఆయన వీపునే చూశాను. ఆ అమ్మాయి చెయ్యి చూడనే లేదు" అంది. "ఆ ముక్క మళ్లీ వేద్దామా?"

దీపాలు ఆర్పారు. అందరి చూపూ నా మీదనుంచి తెర మీదికి మళ్లింది. కూర్చున్నాను. ఎన్ని రోజుల తర్వాతో భుజాల బిగువు సడలింది.

కార్‌లో మా అమ్మాయి అద్దం సర్దుకుంటూ అంది: "నువ్వు బాగా భయపడ్డావు కదా?"

"కనబడిందా?"

"నాకు మాత్రమే. ఫ్రంట్ రోలో అంకుల్ నిద్రపోయాడు."

"నేను మాట్లాడుతుంటేనా?"

"లేదు, సినిమాలోనే. నువ్వు మాట్లాడటం మొదలెట్టగానే లేచాడు."

నవ్వొచ్చింది. ఆ వెంటనే ఆకలి. పొద్దున్నుంచి ఒక్క ముద్ద దిగలేదని అప్పుడు తెలిసింది. దోశల హోటల్‌వైపు తిప్పమన్నాను.