అన్న తిప్పిన డిష్

ఖానాపూర్‌లో మా ఇంటి టీవీలో చానళ్లు ఒక్కసారిగా పోలేదు. ముందు పాత సినిమాలు, తర్వాత వార్తలు, చివరికి మా అమ్మ, మేం అవ్వ అంటాం, సాయంత్రాలు చూసే భక్తి చానల్ పోయాయి. డిష్‌లో తప్పేమీ లేదు. ప్రసారాన్ని కొత్త పద్ధతిలోకి మారుస్తున్నారు, మా పాత బాక్సుకు అది చదవడం రాదు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి కరీంనగర్‌లో పనిచేస్తున్న నాకు ఇది తేలికగానే అర్థమైంది. మొదటి దారి, కొత్త బాక్సు కొనడం. డిష్, తీగ పాతవే పనికొస్తాయి. రెండోది, టీవీ ప్రసారాలు నేరుగా ఫోన్‌లోకే వస్తాయంటున్నారు కాబట్టి వాటికోసం ఆగడం. మూడో దారి అవ్వది. దుబాయ్‌లో ఉన్న అన్న వచ్చేదాకా ఆగడం.

మా వైపు గల్ఫ్‌కు మనిషిని పంపిన ఇళ్లన్నీ ఇంతే. మిక్సీ చెడినా, తలుపు గడియ ఊడినా ‘వాడొచ్చినంక’ అని పక్కన పెడతారు. అలా పక్కన పెట్టిన పనులే ఇంట్లో ఆ మనిషికి ఉంచిన చోటు.

“నేను సదివిందే గిది గదవ్వా, నేను చేస్త” అన్నాను.

“నువ్వు సదివినవు బిడ్డా, కాదంటలేను. కని డిష్ వెట్టింది వాడు. దసరకు వస్తుండు గద, జర ఆగు.”

బాపు నవ్వాడు. “తొందరగ ఏదన్న చెయ్యిరా ఇంజినీర్ సాబ్. టీవీ బందయిన కాడికెళ్లి మీ అవ్వ నా మీదనే సీరియల్ నడిపిస్తుంది.”

తర్వాతి వారం దుబాయ్ నుంచి అన్న నా ఒక్కడికే ఫోన్ చేశాడు.

“తమ్మీ, సెలవు ఇయ్యలే. దసరకు గాదు, ఎండకాలానికి గూడ ఏమో. అవ్వకు చెప్పకు.”

“మరేం చెప్పాలె?”

“బాక్సు కొనుకపో. నేనే పంపిన అని చెప్పు. టీవీ నడుస్తే దసర దాక ఫికర్ జెయ్యది.”

“దసర నాడు?”

“ముందు బాక్సు కొనుకపో” అని అన్న ఫోన్ పెట్టేశాడు.

అన్న పంపే డబ్బా ఎలా ఉంటుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. నిలువునా అడ్డంగా నైలాన్ తాడు, పైన నల్ల మార్కర్‌తో బాపు పేరు, ఊరు. లోపల సందులన్నిట్లో సబ్బులు కుక్కి ఉంటాయి. నేను కొన్న బాక్సు దుకాణం అట్టపెట్టెలోనే ఉంది. జగిత్యాలలో బస్సు ఆగినప్పుడు ఎదురుగా కొట్లో తాడు చుట్టలు, అవే సబ్బులు కనిపించాయి. దిగి కొందామని సీట్లోంచి లేచి, మళ్లీ కూర్చున్నాను.

“వాడు పంపిండా?” అంటూ అవ్వ అట్టపెట్టెను అటూ ఇటూ తిప్పి చూసింది.

“తాడేది?”

“లేదవ్వా.”

“సబ్బులు?”

“లేవు.”

“అంటే, వస్తలేడు.”

నేను కాదనలేదు. బాపు భుజం మీది తువ్వాల తీసి మొహం తుడుచుకున్నాడు. అవ్వ అట్టపెట్టెను తిరిగి నా చేతిలో పెట్టింది. “తెచ్చినవు గద. ఫిట్ జెయ్యి.”

పోయిన చానళ్లన్నీ వచ్చాయి, కానీ బొమ్మ గడులు గడులుగా విరిగిపోతోంది. కొత్త పద్ధతికి సిగ్నల్ ఇంకాస్త బలంగా అందాలి. కోతులు ఊగీ ఊగీ డిష్ కొంచెం పక్కకు జరిగింది. పాత బాక్సు సర్దుకుపోయింది, ఇది సర్దుకోదు. నట్టు వదులు చేసి వేలెడు తిప్పితే చాలు. పానా తీసుకుని నిచ్చెన ఎక్కుతుంటే అవ్వ వచ్చి నిచ్చెన పట్టుకుంది.

“డిష్ ముట్టకు.”

“జరంతనే అవ్వా. బొమ్మ సాఫ్ వస్తది.”

“జరంత గూడ వద్దు. అది వాడు తిప్పి వెట్టిండు.”

“దిగురా” అన్నాడు బాపు మెల్లగా. దిగాను.

ఆ సాయంత్రం అన్న ఫోన్ చేశాడు. టీవీలో హారతి విరిగి, ఆగి, మళ్లీ కదులుతోంది. అవ్వ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

“మస్తు కనవడుతుంది బిడ్డా. నువ్వొచ్చినంక డిష్ జర తిప్పాలె, గంతే.”

“తిప్పుతనవ్వా” అన్నాడు అన్న.

ఎప్పుడని అవ్వ అడగలేదు.