వాడకు అడ్డం పెట్టిన రాయి

నా చిన్నప్పుడు సిరిసిల్లలో మా వాడ పొద్దున పూట నడిచే దారి కాదు, నేతపని జరిగే చోటు. గంజిలో నానిన పడుగును, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులను, వాడ పొడవునా సాగదీసి కుంచెతో దువ్వేవారు. ఎండ ముదిరేలోగా దువ్వకపోతే పోగులు అంటుకుపోతాయి. పూటకు ఒక్క పడుగే పట్టేది. అందుకే ముందుతరం పెద్దలు కులసంఘం పుస్తకంలో ఒకే మాట రాసిపెట్టారు: పడుగు ముందు తెచ్చినవారిదే వాడ.

ఒకసారి ఒకాయన భార్యకు నొప్పులు మొదలైతే, తన వంతుకు గుర్తుగా రాయి పెట్టి మంత్రసాని కోసం పరుగెత్తాడు. అప్పటి పెద్దమనిషి మా తాత. ఆ రాయి చెల్లుతుందని తీర్పు చెప్పాడు. అప్పటినుంచి అందరూ ముందురోజు సాయంత్రమే రాళ్లు పెట్టసాగారు. పుస్తకంలోని మాటను ఎవరూ తలచుకోలేదు.

ఒక సాయంత్రం నేనూ రాయి పెట్టాను. మా పడుగు తయారు కాలేదని నాకు తెలుసు. పక్కింటి పెద్దమ్మ నన్ను నలుగురిలో తిట్టిందన్న కోపం, అంతే. తెల్లారి ఆమె తడి పడుగు భుజాన వేసుకుని వచ్చింది. భర్త లేని మనిషి. ఆ ఇంటి తిండి ఆ పడుగు మీదే. నేను అడ్డం నిలబడ్డాను.

“రాయి పెట్టినోళ్లదే వాడ. మా తాతనే చెప్పిండు.”

“అయితే రాయికే గంజి పెడ్తవా కొడుకా?” అంది పెద్దమ్మ.

జనం చేరారు. సగం మంది నావైపే. “ఇయ్యాల దీన్ని తీస్తే రేపు మా రాయికి విలువేంది?” అన్నారు. వాదన సాగింది, ఎండ ఎక్కింది.

తాత వచ్చి రెండు వైపులా విన్నాడు. “గా రాయిని ఒప్పుకున్నది కాన్పు కోసం. గా ముచ్చట అప్పుడే చెప్పకపోవుడు నా తప్పు. ఇన్నేండ్లు నమ్మిండ్రు, ఒక్కపూటల కొట్టెయ్యలేను. కానీ పడుగు ఎదురుంగ అచ్చినంక, రాయి పెట్టినోడు తన పడుగు చూపియ్యాలె. ఏదిరా మన పడుగు?”

నేను వంగి రాయిని పక్కకు తీశాను.

పెద్దమ్మకు వాడ దక్కింది గానీ అప్పటికే సగం పోగులు ఎండి అంటుకున్నాయి. రెండు రోజులు గడపలో కూర్చుని ఒక్కొక్కటే విడదీసింది.

తర్వాత నేనూ సంఘం పెద్దనయ్యాను. ఎవరైనా పాత తీర్పు ఎత్తితే, అది ఏ అవసరానికి చెప్పిందో ముందు అడుగుతాను. అంతవరకు ఆ రోజు నేర్చుకున్నాను. నలుగురిలో ‘నా తప్పు’ అనడం మాత్రం నేర్చుకోలేదు. నా తీర్పుల్లో రెండు తప్పని నాకు తెలుసు. వాటిని చూపి వాడలో ఇప్పటికీ తగవులు తీరుస్తున్నారు.