సన్న గుండ్ల తూటాలు

పదేండ్లకు దగ్గర పడింది. ఈ సంగతి నా లోపలే ఉంది. నమాజు చాప మీద దువాకు చేతులెత్తినప్పుడల్లా ఆ చేతుల్లో ఏదో బరువు పెట్టినట్టు కిందికి జారుతయి. చెప్పుకోవడానికి ఒక మనిషి కావాలె. మీరెవరో నాకు తెల్వదు, నేనెవరో మీకు తెల్వదు. అందుకే మీకు చెప్తున్న.

మాది పాలమూరు పడమటి దిక్కు, కృష్ణ ఒడ్డున ఒక పల్లె. నేను బడికి పోలేదు. మా అబ్బ ఇంట్లోనే ఖురాను చదివించిండు, ఉర్దూ తెలుగు రాయడం నేర్పిండు, ఇంగ్లీషు అక్షరాలు దిద్దించిండు. ఆయన పెట్టిన ఆ చదువుకు రోజూ దేవునికి షుక్ర్ చెప్పుకుంట. తప్పు చదువుది కాదు. నాకు తెలుసు అనే మిడిసిపాటుది.

మా ఆయనకు తన తండ్రి నుంచి వచ్చిన లైసెన్సు తుపాకి ఉండె. చేన్ల మీద పడే అడివి పందుల కోసం. మామ చిన్నతనంల తూటాలు ఇంట్లోనే నింపుకునేటోళ్లట. నేను కాపురానికి వచ్చేసరికి అన్నీ కంపెనీవే. అవి ఇనుప పెట్టెల, తాళంచెవి నా దగ్గర. రెండు రకాలుండేవి. పందులకు లావు గుండ్లవి. తగిలితే జంతువు అక్కడికక్కడే పడుతది. ఇంకొకటి మామ ఎప్పుడో పిట్టల కోసం తెచ్చిన పాత డబ్బా. ఒక్కో తూటాల ఆవగింజలంత గుండ్లు, లెక్కలేనన్ని. డబ్బాల మీద నంబర్లు చదివి వేరుగ సర్ది పెట్టింది నేనే.

మా దిక్కు జింకలు మందలు మందలు తిరుగుతయి. మొలకల మీద పడితే తెల్లారేసరికి చేను ఊడ్చినట్టుంటది. కోపం అందరికీ ఉండె. వాటిని కొడితే జైలని కూడ అందరికీ తెలుసు. మాకూ తెలుసు. తెల్వక చేసినమని చెప్పను.

తెలంగాణ రాకముందు ఏడు మా ఆయన ఒకదాన్ని కొట్టిండు. లావు గుండ్లతోని. కత్తి పట్టుకొని ఉరికేసరికే దాని ప్రాణం పోయింది. మా మతంల, ఊపిరి ఉండంగ బిస్మిల్లా అని కోస్తేనే హలాల్. ఆ మాంసం నా పొయ్యి మీదికి రాదని నేను కచ్చితంగ చెప్పిన. పాపం, ఎదురు మాట్లాడకుండ తీస్కపోయి గుంత తీసి పూడ్చిండు. నేను ఎంత మురిసిపోయిన్నో! నా ఇంట్ల హరామ్ ముద్ద రానియ్యలేదని వారం రోజులు నాలో నేనే మెచ్చుకున్న.

రెండేండ్లకు మా పెద్దన్న పట్నం నుంచి వస్తున్నడని కబురు. జింక మాంసం వండి పెట్టాలని ఆశ నాదే. మా ఆయన వద్దన్నడు. నేను వినలేదు. తెల్లారగట్ల ఫజర్ నమాజు కాంగనే పెట్టె తెరిచి, మామ డబ్బాల నుంచి రెండు తూటాలు తీసి ఆయన చేతిల పెట్టిన. ఇంట్ల మేం ఉర్దూ మాట్లాడుకుంటం. ఆ మాటలు తెలుగుల రాస్తున్న.

"ఇవి పిట్టలవి గదా," అన్నడు.

"జర దగ్గరికి పోయి కొట్టు. పడాలె గాని చావొద్దు. ఊపిరి ఉండంగనే కొయ్యాలె," అన్న.

ఆయన వాటిని అటూ ఇటూ తిప్పి చూసిండు. దీని సంగతి నాకంటే ఆమెకే ఎక్కువ తెలుసు అనుకున్నడేమో. జేబుల వేసుకొని పోయిండు. పడాలె గాని చావొద్దు. ఒక ప్రాణం గురించి మాట్లాడుతున్న అని నాకు ఆ క్షణాన తట్టిందా? తట్టలేదు. మసాలా నూరడం గురించి ఆలోచిస్తున్న.

రెండు చప్పుళ్లు వినబడ్డయి. పొద్దెక్కినంక ఆయన ఉత్త చేతులతోని వచ్చిండు. ఆడ జింకట. నడుముకు, వెనక కాళ్లకు తగిలింది, పడలేదు, ఈడ్చుకుంట ఉరికింది. నెత్తుటి చుక్కలు పట్టుకొని వాగు దాకా పోయి, ఆ తర్వాత జాడ దొరక్క తిరిగొచ్చిండు. అన్నం ముట్టలేదు. జింకే గదా అన్న నేను. అన్నకు కోడి కోయించిన.

మూడో రోజు అది ఎల్లన్నకు దొరికింది. ఎల్లన్న చేను మా చేను పక్కనే. నన్ను చెల్లె అనే పిలుస్తడు. వాగు ఒడ్డున తన జొన్నచేన్ల పడి ఉందట, వెనక భాగం వాచి, పుండ్లకు ఈగలు మూగి. దోసిట్ల నీళ్లు తాగించిండు. కుక్కలు రాకుండ పక్కనే కూర్చొని, తువ్వాలతోని ఈగలు కొట్టిండు. అది అట్లనే ప్రాణం విడిచింది. ఎవరు చెప్పిన్రో, పోలీసోళ్లతోని ఫారెస్టోళ్ల జీపు వచ్చింది. ఆయన తువ్వాల నిండ నెత్తురు. నాటు తుపాకి ఎక్కడ దాచినవని అడిగిన్రు. లేనిది ఎక్కడ చూపుతడు? జీపుల ఎక్కించిన్రు.

వాళ్లు మా ఇంటికి కూడ వచ్చిన్రు, తుపాకి ఉన్నది గనక. జింక ఒంట్లో సన్న గుండ్లు దొరికినయట. మీ దగ్గర ఏమున్నయని అడిగితే నేనే పెట్టె తెరిచి చూపెట్టిన. లావువి మాత్రమే. పిట్టల డబ్బా అప్పటికే వడ్ల గుమ్మిల, అడుగున. జీపు చప్పుడు వినంగనే నేనే దాచిన. చూసుకొని వెళ్లిపోయిన్రు. వాళ్లు పోయినంక నేనేం చేసిన్నో అది కూడ రాస్త. కాళ్లు చేతులు కడిగి వజూ చేసుకొని రెండు రకాతుల షుక్రానా నమాజు చదివిన. దేవునికి కృతజ్ఞత చెప్పిన. ఎందుకు? ఎల్లన్న జీపుల కూర్చున్నందుకా?

ఆ సాయంత్రం మా ఆయన చెప్పులేసుకొని ఠాణాకు బయలెల్లిండు, నేనే కొట్టిన అని చెప్పొస్తనని. నేను దర్వాజకు అడ్డం నిలబడ్డ. ఇద్దరు ఆడపిల్లల పేరు తీసిన. వాళ్లను తెచ్చి ముందర నిలబెట్టిన. ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చిండు. కొన్ని నెలలకు తుపాకి ఠాణాల అప్పజెప్పి వచ్చిండు. ఏటేటా మా చేను కంటే ముందు ఎల్లన్న చేను దున్నేటోడు. మా మధ్య మళ్ల ఆ మాట రాలేదు.

ఎల్లన్న నెల దగ్గర దగ్గర లోపలుండి వచ్చిండు. తర్వాత వాయిదాలు, ఆరేండ్లు. ఆయనకు అక్షరం రాదు. ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేటోడు. చదివి వినిపించేదాన్ని, ఏ తారీఖున పోవాలెనో చెప్పేదాన్ని. ఉత్తగ రాకపోయేది, చింతచిగురో, పచ్చి కందికాయలో కొంగుల పోసిపోయేటోడు. నువ్వు లేకపోతే ఏమైపోయేటోన్ని చెల్లె అనేటోడు. ఆ కందికాయలు మేం తిన్నం. అవి హలాలేనా అని నన్ను నేను ఒక్కసారి కూడ అడగలేదు.

ఒకరోజు కాగితం మడత పెట్టుకుంట అడిగిండు.

"చెల్లె, గా మూగజీవిని గట్ల సగం చంపి వదిలింది ఎవ్వడై ఉంటడు? చంపినా మంచిగుండు గదా."

"అల్లాకే ఎరుక అన్నా," అన్న.

అబద్ధం కాదు. అల్లాకు ఎరుకే. నిజాన్ని ఇంత నీచంగ వాడుకోవచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

కేసు కొట్టేసిన్రు. ఆ కాగితం కూడ నేనే చదివిన. ఆయన తలకాయ ఊపి, తువ్వాల దులుపుకొని లేచిండు. ఆరేండ్లల్ల నడుం వంగిపోయింది.

మా ఆయన పోయి రెండేండ్లాయె. ఇల్లు దాటొద్దన్న ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు ముగిసినంక ఎల్లన్న ఇంటికి పోయి చెప్పిన, ఆ జింకను కొట్టింది మా ఆయననే అని. అందుకేనా నా చేను దున్నింది అని తనలో తాను అనుకున్నట్టు అన్నడు. మా ఆయన మీద తనకు కోపమేమీ లేదని చెప్పి, మర్నాడు ఖబరస్తాన్‌కు పోయి మా ఆయన మట్టి దగ్గర కాసేపు నిలబడి వచ్చిండు. మాఫీ దొరికింది. దాని అవసరం తక్కువున్నోనికి దొరికింది. చెప్పాలనుకున్నోన్ని ఆపింది నేను, ఆయన మాట్లాడలేని తావుకు పోయినంక తప్పంతా ఆయన మీదనే వేసి వచ్చింది నేను. తూటాల ముచ్చట ఎత్తలేదు. గుమ్మి ముచ్చట ఎత్తలేదు.

మనిషికి చేసిన అన్యాయం ఆ మనిషే మాఫ్ చెయ్యాలె, నమాజులతోని చెల్లదు. ఇది మా అబ్బ నాకు చిన్నప్పుడే చెప్పిండు. మరి ఎల్లన్నకు చెప్పక ఇక్కడెందుకు రాస్తున్న? ఆయన చదవలేడు గనకనా? కావచ్చు. నా ధైర్యం ఇంతదాకే వచ్చింది. దాన్ని ఎక్కువ చేసి చెప్పను.

సన్న గుండ్లవి ఏరి చేతిల పెట్టింది నేను. పడాలె గాని చావొద్దు అన్నది నేను. మిగిలినవి దాచింది నేను. దాచినందుకు దేవునికి షుక్ర్ చెప్పింది నేను.

ఈ నాలుగు మాటలు రాసి చూసుకున్న. ఒక్కటి కూడ కొట్టేయలేదు.