మీసాల వడ్ల డబ్బా

వంటింట్లో ఎవరైనా డబ్బా ఊపితే, అన్నం మధ్యలో ఉన్నా సరే, నేను లేచి వరండాలోకి పోతాను. నాకున్న వెయ్యిన్నొక్క జబ్బుల్లో ఇదొకటని మా ఆవిడ తీర్మానించేసింది.

డెబ్బైల్లో బెజవాడకి కాస్త దూరంలో, వరి పరిశోధన జరిగే చోట నాకు చిన్న ఉద్యోగం. పటమట నుంచి సైకిలు మీద వెళ్ళేవాణ్ణి. దాని చప్పుడుకి దారిలోని గేదెలు ముందురోజే పక్కకి తప్పుకునేవి. ఊరూరా తిరిగి పాతరకాల వడ్లు తేవడం, రకానికో రేకు డబ్బాలో పోయడం, అవి చచ్చిపోకుండా ఏటా ఒక్కో వరస నాటి కొత్త గింజ తీయడం మా పని. రేపెప్పుడో కొత్త వంగడం పుట్టించాలంటే ఏ ముసలి గింజలో ఏ గుణం దాగుందో ఎవడికి తెలుసు అనేవారు మా ఆఫీసరుగారు.

చల్లపల్లి అవతల, ఉప్పుగాలి తగిలే పల్లెలో ఒక మామ్మ దగ్గర నాకు మీసాల వడ్లు దొరికాయి. గింజ కొసన మీసం చూస్తే పోలీసు జమేదార్లు రాజీనామా చేయాల్సిందే. ఉప్పునీళ్ళు చేలోకొచ్చినా ఆ వరి తలవంచదట. కొడుకు కొత్త పొట్టి రకమే వేస్తానని మొండికేయడంతో, ఆవిడ మిగిలిన విత్తనమంతా నా చేతిలో పోసింది. ఆ తరవాత హాస్టల్లో చేర్చిన పిల్లాణ్ణి చూడ్డానికొచ్చినట్టు ఏటా కంకి వేసే వేళకి బస్సెక్కి వచ్చేది. మావాడు బాగున్నాడా బాబూ అని అడిగేది.

మొదటి ఏడు నిజంగానే చూపించాను. కానీ ఆ వరి తాడెత్తు పెరిగి, పెళ్ళిలో తాగిన బావమరిదిలా పక్క వరసల మీద పడిపోయింది. చివాట్లు మాత్రం నాకు. మరుసటేడు దాన్ని నాటకుండానే నాటానని ఆఫీసులో చెప్పేశాను. డబ్బాలో గింజ ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను.

మామ్మ వస్తే దూరంగా ఉన్న వేరే మీసాల రకం చూపించాను. దగ్గరికి వెళ్ళబోతుంటే, మందు కొట్టాం, కళ్ళు పోతాయని గట్టుమీదే ఆపాను. ఆవిడ చెప్పులు విప్పి, కొంగు తలమీదికి లాక్కుని, అక్కడే నిలబడి ప్రార్థన చేసింది. ఆ పై ఏడూ అంతే.

ఆ తరవాత జూన్‌లో ఖాళీ సంచితో వచ్చింది. ఉప్పునీళ్ళు తగిలి కొడుకు వేసిన పొట్టి వరి మాడిపోయిందట. మళ్ళీ తన వడ్లే కావాలంది. వారం ఆగి రమ్మన్నాను.

డబ్బా ఇంటికి తెచ్చి, గుప్పెడు గింజలు తడిగుడ్డలో కట్టి మంచం కింద పెట్టాను. మూడో రోజుకి తెల్లగా మొలక కనబడాలి. లేదు. అయిదో రోజుకి కుళ్ళు వాసన వచ్చింది. డబ్బా చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. గింజలన్నీ గలగలమన్నాయి, అచ్చం బతికున్నప్పటిలాగే.

మామ్మ వచ్చింది. ఆ వేరే రకం వడ్లే సంచి నిండా పోసిచ్చాను. అవి ఉప్పుకి ఆగవని నాకు తెలుసు. ఆవిడ ఒక గింజ పంటికింద కొరికింది.

"ఇవి మావి కావు బాబూ."

"డబ్బాలో ఉండి రుచి మారుంటుంది మామ్మగారూ."

ఆ గింజ ఊసి, నా మొహంలోకి చూసింది.

"అయితే రెండేళ్ళు గట్టుమీద నిలబడి నేను ప్రార్థన చేసింది ఎవరికి బాబూ?"

నేను వంగి సంచి మూతి కట్టాను. ఆవిడ సంచి వద్దనలేదు. నెత్తిన పెట్టుకుని బస్సుకి నడిచింది. మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

ఆ డబ్బా తిరిగి ఆఫీసుకి చేరలేదు. ఏటా జూన్‌లో ఓ పది గింజలు తడిగుడ్డలో కడతాను. ఒకసారి మా ఆవిడ, పెసలు నానేశానేమో అనుకుని మూట విప్పింది. వాసన చూసి, మళ్ళీ కట్టేసింది.

డబ్బాలో ఇంకా సగం ఉన్నాయి.