మాత్రల మాటలు

మా ఆయన ముఖం కుడివైపు జారిపోయి, మూతి వంకర తిరగడం చూసి వెంటనే ఆటో ఎక్కించాను. పక్షవాతం కాదు, ముఖనరం వాచిందంతేనని బెంజ్ సర్కిల్ దగ్గరి డాక్టరుగారు ధైర్యం చెప్పి, పది రోజులకు స్టెరాయిడ్ మాత్రలు రాశారు.

అసలు విడ్డూరం మూడో రోజు మొదలైంది. పాతికేళ్ళ కాపురంలో రోజుకు పది మాటలు దాటని మనిషి ఆ వంకర మూతితోనే వాగడం మొదలుపెట్టారు. పాలాయనతో క్రికెట్టు, మా చెల్లెలితో ఫోనులో రాజకీయాలు, నాతో అన్నీ. నా ఉప్మా ఉండలు కడుతుందట. మంగళగిరి చీరల్లో ఆకుపచ్చది నాకు నప్పదట. ఇన్నాళ్ళూ బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నది ఈయనేనా? ఒళ్ళు మండింది గానీ, నిజం చెప్పొద్దూ, సంబరంగానే ఉంది.

డాక్టరుగారికి ఫోన్ చేస్తే నవ్వారు. ఈ మందు మన ఒంట్లో ఊరే హార్మోన్ లాంటిదేనట. కణాల గోడ దాటి సరాసరి లోపలికి పోతుందట. దాంతో మెదడు కణాలు మరీ చురుకైపోయి, కొందరికి నిద్ర ఎగిరిపోతుంది, కొందరికి మాటలు పెరుగుతాయట. మోతాదు తగ్గేకొద్దీ సర్దుకుంటుందన్నారు, అదేదో శుభవార్త అయినట్టు.

ఆరో రోజు కాఫీ తాగుతూ, పెళ్ళిచూపులయ్యాక మొదట నన్ను వద్దన్నానని చెప్పారు. ఎందుకో చెప్పేలోపే ఎవరో ఫోన్ చేశారు. మర్నాటి నుంచి మాత్రలు సగమయ్యాయి, మాటలూ సగమయ్యాయి. ఎన్నిసార్లు అడిగినా ఇప్పుడదంతా ఎందుకంటూ పేపరు అడ్డం పెట్టుకున్నారు. వద్దన్న మనిషితోనా నేనిన్నేళ్ళు కాపురం చేసింది?

పదకొండో రోజు సిగ్గు విడిచి పాత చీటీతో మందుల షాపుకెళ్ళాను. షాపాయన చీటీ చూడకుండానే ఇంకో అట్ట ఇచ్చేశాడు. ఇంటికొచ్చి కాఫీ కలిపి, మాత్ర పట్టుకుని నిలబడ్డాను. ఈయన బుర్రతో ఆడుకోవడానికి నేనెవర్ని అనిపించి కప్పులో వెయ్యలేకపోయాను. ఎప్పుడొచ్చారో, వెనకే ఉన్నారు.

మాత్ర తీసుకుని చెత్తబుట్టలో వేసి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఆ రోజు నువ్వు గలగలా మాట్లాడుతున్నావు," అన్నారు. కాఫీ సగం తాగారు. "ఇట్టాంటి పిల్లకి నాతో ఊపిరాడదేమోనని భయమేసింది. అందుకే వద్దన్నా." కప్పు ఖాళీ చేసి పక్కన పెట్టారు. "మూడు రోజులు నీ గొంతే చెవుల్లో మోగింది. ఉండలేక నేనే కబురు పెట్టించా."

ఈ నాలుగు ముక్కలకీ ఆయనకు పావుగంట పట్టింది. మధ్యలో నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు.